నాటకం మనది, పోస్టరు ఎవరిది?

నిరుడు మా కాలేజీ తెలుగు శాఖ విద్యార్థులు ఒక రేడియో నాటకం తయారుచేశారు. దానికి బాధ్యుణ్ణి నేను. నాటకం నిడివి 28 నిమిషాలు. దాని కోసం తయారైన ప్రచార సామగ్రి ఒక పోస్టరు, 40 సెకన్ల శబ్ద ప్రకటన, పది వాక్యాల పరిచయ పత్రం. నాటకం విన్నవాళ్ళకంటె పోస్టరు చూసినవాళ్ళు ఎన్నో రెట్లు ఉన్నారు. నన్ను అభినందించిన వారిలో చాలామంది నాటకాన్ని గురించి ఒక్క మాటయినా అనలేదు. పోస్టరు మాత్రం అద్భుతంగా ఉందన్నారు. మొదట నేను పొంగిపోయిన మాట కూడా ఒప్పుకోవాలి. ఆ తరవాత తెలిసివచ్చిందేమంటే, ఆ పోస్టరు మా నాటకానికి ప్రచారం చెయ్యనేలేదు. మా నాటకం దేన్నయితే ఎదిరించిందో సరిగా దానికే ప్రచారం చేసింది.

ఇది నా ఒక్కడి తప్పే అయితే పత్రికకు ఎక్కించవలసిన పని లేదు. కాని అభ్యుదయ సాహిత్యాన్ని అభిమానించే మనలో చాలామంది ఒక అభిప్రాయాన్ని పరీక్షించకుండానే మోసుకు తిరుగుతున్నాం. వస్తువు మనదైతే చాలుననీ, దాన్ని జనానికి చేర్చే పద్ధతి ఎలాటిదైనా ఫరవాలేదనీ, ప్రచారం కేవలం సాంకేతిక విషయమనీ ఆ అభిప్రాయం. ఇది తప్పనీ, హానికరమనీ నా వాదన. ప్రచార సామగ్రి కూడా రచనే. దానికీ వస్తువుంది, దృక్పథం ఉంది, వర్గ స్వభావం ఉంది. నాటకాన్ని ఎంత జాగ్రత్తగా విమర్శకు పెడతామో దాన్నీ అంత జాగ్రత్తగా విమర్శకు పెట్టకపోతే, మనం రాత్రింబవళ్ళు శ్రమపడి రాసినదాన్ని అది ఒక్క పూటలో తారుమారు చేసేస్తుంది.

ముందు నాటకం సంగతి చెబుతాను. అది తెలిస్తేగాని పోస్టరు చేసిన పని తెలియదు.

శ్రీకాకుళం జిల్లాలో పలాస-కాశీబుగ్గ జీడిపప్పుకు పేరుపడ్డ చోటు. చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో పండే జీడి పిక్క 80 కిలోల బస్తా లెక్కన అమ్ముడుపోతుంది. ఆ పిక్కను ఉడికించి, పెంకు కొట్టి, లోపలి పప్పును ఆరబెట్టి, పొర వొలిచి, సైజుల వారీగా ఏరేదాకా మధ్యలో ఎన్ని చేతులున్నాయో, అందులో ఆడవాళ్ళ చేతులు ఎన్నో, డబ్బాలో కొనుక్కు తినేవాడికి తెలిసే అవకాశం లేదు. పెంకులో ఉండే జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టిన చేతులు నల్లబడి, చర్మం పొరలుగా లేచి ఉంటాయి. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా ఆ మరక పోదు. పప్పు గుడ్డుగా వస్తే దానికి విలువ. బద్దగా, ముక్కగా విరిగితే విలువ తగ్గుతుంది. వ్యాపారంలో 320 అని పేరున్న రకం పప్పు పౌనుకు 300 నించి 320 దాకా తూగుతుంది. వ్యాపారి లెక్క అంత నిక్కచ్చిగా ఉంటుంది. కూలీ లెక్క కూడా అంత నిక్కచ్చిగా ఉంటుందా అన్నదే మా నాటకం అడిగిన ప్రశ్న.

నాటకం పేరు "కాటా". మొదటి ప్రతి రాసింది బి.ఏ. మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి. ఆ అమ్మాయి తల్లి పిక్కలు కొట్టే పనికి పోతుంది. కథ చిన్నది. సాయంకాలం ఫ్యాక్టరీలో తూకం వేస్తారు. విరిగిన పప్పు ఎక్కువైందని కూలిలో కోత పెడతారు. తల్లి తలవంచుకుని ఇంటికొస్తుంది. కాలేజీలో చదివే కూతురు లెక్క వేసి చూసి, తూకానికీ కూలికీ పొంతన లేదని కనిపెడుతుంది. మర్నాడు తల్లి కాటా దగ్గిర నిలబడి, ముల్లు తనకు కనిపించేలా తిప్పమంటుంది. నాటకం అక్కడితో ఆగిపోతుంది. సమ్మె లేదు, విజయం లేదు, కన్నీళ్ళు అసలే లేవు. ఆ అమ్మాయి తన ప్రతిలో ఏడుపు ఒక్కచోట కూడా రానివ్వలేదు. ఎంచేతని అడిగితే, "కాటా కాడ ఎవులూ ఏడవరు మాస్టారూ, ఇంటికొచ్చి కూడా ఏడవరు, వంట సెయ్యాల గదా" అంది.

దీన్ని తయారుచెయ్యటంలో మాకు ఎదురైన మొదటి చిక్కు భాష. వాచకాలు మొదలుపెట్టగానే, ఇంట్లో, బస్సులో, క్యాంటీనులో చక్కగా తమ మాట మాట్లాడుకునే పిల్లలు మైకు ముందుకు వచ్చేసరికి ఎవరిదో గొంతు అరువు తెచ్చుకున్నారు. "నేను వెళ్ళుచున్నాను" అనేంత దూరం పోలేదుగాని ఇంచుమించు అంతపనీ చేశారు. రేడియో అంటే అలా మాట్లాడాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైననాటి నించీ తెలుగు రేడియో నాటకానికి గొప్ప చరిత్ర ఉంది, గొప్ప గొంతులున్నాయి, వాటిని నేను తక్కువ చెయ్యటం లేదు. కాని ఆ గొంతులు ఎక్కువగా ఏ జిల్లాలవో, ఏ కులాలవో, ఏ చదువులవో మనకు తెలియనిది కాదు. ఆ గొంతే నాగరికమనీ, మిగతావి హాస్య పాత్రలకూ, నౌకర్ల పాత్రలకూ పనికొస్తాయనీ ఒక నమ్మకం మన చెవుల్లో పేరుకుపోయింది. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది. ఇన్నేళ్ళ తరవాత, అదే ఉత్తరాంధ్ర గడ్డ మీద, ఒక కూలి తల్లి పాత్రకు ఆమె సొంత మాట ఇవ్వటానికి మేము మూడు వారాలు తంటాలుపడ్డాం.

రెండో చిక్కు శబ్దం. పిక్క కొట్టే చప్పుడు మాకు కావాలి. కుర్రాళ్ళు చింతపిక్కలతో ప్రయత్నించారు, పోకచెక్కలతో ప్రయత్నించారు, ఫోనులో ఎక్కణ్ణించో ఒక చప్పుడు దించుకున్నారు. చివరికి ఆ అమ్మాయి తల్లి ఇంటిదగ్గిరే కాసిని పిక్కలు కొట్టి చూపించింది. మేము గడియారంలాగా సమంగా టకటకమని కొడుతుంటే ఆమె నవ్వి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఉండాలనీ, ఆ ఎడంలోనే పప్పు విరక్కుండా తీస్తారనీ చెప్పింది. మేము ఆ ఎడాన్ని ఉంచి మళ్ళీ రికార్డు చేశాం. నాటకంలో తల్లి మాటలన్నీ ఆ ఎడాల్లోనే పడ్డాయి. పనికీ మాటకూ ఉన్న ఆ సంబంధాన్ని మాకు నేర్పింది ఏ నాటక శాస్త్రమూ కాదు. ఆమె గొంతు మాత్రం నాటకంలో లేదు. యజమానికి తెలిస్తే పని పోతుందని ఆమె భయం. ఆ భయం న్యాయమైనదే. కనక తల్లి పాత్ర కూతురే వేసింది.

ఇంత జాగ్రత్తగా చేసిన నాటకానికి ప్రచారం తయారుచెయ్యటానికి మేము కేటాయించిన కాలం ఒక్క సాయంత్రం.

బొమ్మలు వెయ్యటం తెలిసిన ఒక విద్యార్థి ఉన్నాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు. అతను కృత్రిమ మేధతో బొమ్మలు గీసే ఒక యంత్ర సదుపాయాన్ని అడిగి పోస్టరు తెప్పించాడు. అందులో ఒక స్త్రీ ఉంది. వయసు ముప్ఫై లోపు. పచ్చని మేనిఛాయ. జరీ అంచు చీర, చెదిరిన ముంగురులు, కంటికొసన నిలిచిన ఒక నీటిబొట్టు. రెండు దోసిళ్ళనిండా తెల్లటి జీడిపప్పు పట్టుకుని ఉంది. ఆ చేతులు లేత తమలపాకుల్లా ఉన్నాయి. వెనక సూర్యోదయం. కింద, "ఒక తల్లి త్యాగం... ఒక కూతురి కల!" అని రాసి ఉంది. "కాటా" అనే పేరు మూలన చిన్నగా పడింది. నాటకం రాసిన అమ్మాయి పేరు ఇంకా చిన్నగా, వేషాలు వేసినవారి జాబితాలో ఐదోదిగా పడింది. నేను చూసి, "బాగుంది, పంపించండి" అన్నాను.

శబ్ద ప్రకటన ఇంతకన్న ఘోరం. నాటకంలో తల్లి కూతురితో అంటుంది: "నా సేతులు సూసి సదువుకో. సదువుకుని కాటా కాడ నిలబడి లెక్కడుగు." నలభై సెకన్లలో ఇమడాలి గనక రెండో వాక్యం కోసేశారు. మొదటి వాక్యం మిగిలింది. దానికింద వయొలిన్ పెట్టారు. నాటకంలో ఆ మాట పోరుకు పంపే మాట. ప్రకటనలో అది జాలి పుట్టించే మాట అయికూర్చుంది. ఒక్క అక్షరం మేము కొత్తగా కల్పించలేదు. ఉన్నదాన్ని కోశామంతే. అర్థం తలకిందులైంది. ఇక పరిచయ పత్రం నేనే రాశాను. అందులో "శ్రమ", "మమత", "ఆశ" అనే మాటలున్నాయి. "కూలి", "కోత", "తూకం" అనే మాటలు లేవు. తరవాత చదువుకుంటే సిగ్గేసింది.

రెండు రోజులకు నాటకం రాసిన అమ్మాయి క్లాసుకు రావటం మానేసింది. నాలుగో రోజున వచ్చింది. విషయమేమిటని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. చివరికి అంది: "మాయమ్మ ఫోన్ల సూసింది మాస్టారూ. 'ఈవిడి సేతులు ఇలగున్నాయేటి? ఈవిడేటి పని సేస్తాది?' అని అడిగింది. నాకేటి సెప్పాలో తెలీనేదు."

ఈ ప్రశ్నకు నా దగ్గిరా జవాబు లేదు. చేతుల్ని గురించి రాసిన నాటకానికి చేతులు లేకుండా చేశాం. ఆ తల్లి తన సొంత కథకు వేసిన బొమ్మలో తనను వెతుక్కుని, అక్కడ తాను లేనని కనిపెట్టింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలని కోరతాను. ఇందులో మాకు డబ్బిచ్చినవాడెవడూ లేడు. ఏ వ్యాపారీ మమ్మల్ని బెదిరించలేదు. కాలేజీవారు ఒక్క మాటయినా కొట్టెయ్యలేదు. సెన్సారు లేదు. మా భూమి నాటకం రాసిన సుంకర, వాసిరెడ్డిలకు ఎదురుగా మద్రాసు ప్రభుత్వం నిలబడింది. 1947లో వచ్చిన ఆ నాటకాన్ని నిషేధించింది. శత్రువెవడో వాళ్ళకు స్పష్టంగా తెలుసు. మా గదిలో శత్రువు లేడు. మేమే ఉన్నాం. అయినా పెట్టుబడి తన మనిషి నొకణ్ణి పంపి చేయించుకోదగ్గ పనిని మేము జీతం లేకుండా, ఇష్టపడి, సంతోషంగా చేసిపెట్టాం. పాలకవర్గపు భావాలే సమాజాన్ని పాలించే భావాలవుతాయని మనం ఉపన్యాసాల్లో చెబుతూ ఉంటాం. ఆ మాటకు ఇంతకన్న తేలికైన ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు.

యజమాని గదిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో రేడియో నాటక చరిత్రే చెబుతుంది. అమెరికాలో 1930ల్లో రోజువారీ రేడియో ధారావాహికలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టాయి. 1933లో మొదలైన "మా పెర్కిన్స్" ఒక సబ్బుపొడి పేరుమీద నడిచింది. ఆ రకం నాటకాలకు చివరికి సబ్బు నాటకాలనే పేరే స్థిరపడింది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం "ప్రపంచాల యుద్ధం" ప్రసారం చేసినప్పుడు ఆ కార్యక్రమానికి వ్యాపార పోషకులు లేరు. దాని మీద పత్రికలు లేవదీసిన గగ్గోలు వల్ల వెల్స్ పేరు మారుమోగింది. ఆ సంవత్సరం ముగిసేలోపలే ఒక సూపు కంపెనీ పోషకత్వం తీసుకుంది. కార్యక్రమం పేరు "క్యాంబెల్ ప్లేహౌస్" అయింది. నాటక బృందం పేరు పోయి సూపు పేరు వచ్చింది. అక్కడ కనీసం కొనుగోలు జరిగింది. మా విషయంలో మేము పేరును ఊరికే ఇచ్చేశాం.

ఇప్పుడు నా వాదనకు వచ్చిన జవాబుల్ని పరిశీలిస్తాను. ఇవి నాకు ఊహలో తట్టినవి కావు. మా శాఖలోనూ, మిత్రుల మధ్యా నిజంగా జరిగిన చర్చలోవి.

మొదటి జవాబు పోస్టరు వేసిన విద్యార్థిది. "మాస్టారూ, నిజమైన ఆవిడ ముఖం వేస్తే ఆవిడ పని పోదా? అందుకే ఎవరిదీ కాని ముఖం వేశాను" అన్నాడు. ఈ జవాబులో నిజాయితీ ఉంది. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. కార్మికుల్ని గురించి రాసేవాడు తన రచన వల్ల ఆ కార్మికులకు కలిగే ముప్పును మొదట ఆలోచించాలి. కాని ముఖాన్ని దాచటం వేరు, ముఖాన్ని మార్చటం వేరు. దాస్తే, అక్కడ ఒక మనిషి ఉన్నదనీ, ఆమెకు భయపడటానికి కారణం ఉన్నదనీ చూసేవాడికి తెలుస్తుంది. మారిస్తే ఆమె లేకుండానే పోతుంది. ఆమె భయానికి కారణమూ లేకుండా పోతుంది. పైగా ఆ ముఖం ఎవరిదీ కాదన్నమాట కూడా నిజం కాదు. యంత్రం తనంతట తాను ఏదీ చూడదు. మనుషులు పోగేసి ఇచ్చిన లక్షల బొమ్మల్లోంచి అది బొమ్మ చేస్తుంది. ఆ పోగులో నగల దుకాణాల ప్రకటనల్లో, చీరల ప్రకటనల్లో కనిపించే స్త్రీలే విస్తారంగా ఉంటే, "జీడిపప్పు పట్టుకున్న పల్లెటూరి తల్లి" అని అడిగినవాడికి అది నగల దుకాణపు స్త్రీనే తెచ్చి ఇస్తుంది. ఆ ముఖానికి సొంతదారు ఉన్నాడు. అతని పేరు మార్కెట్టు.

రెండో జవాబు కామర్సు చెప్పే నా సహోద్యోగిది. "ముందు మనిషి ఆగి చూడాలి గదా? ఆకర్షించటానికొక పోస్టరు, ఆలోచింపజెయ్యటానికి నాటకం. దేని పని దానిది" అన్నాడు. వినటానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కాని ఆకర్షణ అనేది గాలిలో ఉండే గుణం కాదు. ఎవర్ని, దేనివైపు ఆకర్షిస్తున్నామన్న ప్రశ్న దాన్ని వదలదు. త్యాగమయి అయిన తల్లిని చూడటానికి వచ్చినవాడు నాటకంలో కూడా త్యాగాన్నే వింటాడు. ముల్లు తిప్పమని అడిగే తల్లి అతని చెవికి ఎక్కదు. ఎక్కితే, మోసపోయాననుకుంటాడు. మమ్మల్ని మెచ్చుకుంటూ వచ్చిన సందేశాల్లో ఒకటి, "అమ్మ ప్రేమకు వెల కట్టలేం" అని. మా నాటకమంతా వెల కట్టటాన్ని గురించే! ఆమె పనికి వెల ఉంది, ఆ వెలను సరిగా కట్టటం లేదు అని 28 నిమిషాలు చెప్పిన తరవాత మాకు వచ్చిన మెప్పు ఇది. ఆ శ్రోత తెలివితక్కువవాడు కాడు. పోస్టరు అతనికి ఏం వినాలో ముందే చెప్పింది. అతను దాని మాట విన్నాడు.

మూడో జవాబు మనవాళ్ళది కనక దానికి ఎక్కువ చోటివ్వాలి. ఉద్యమంలో తలపండిన ఒక మిత్రుడు, "ఏ బండి ఎక్కినా ఊరు చేరితే చాలు. మీరు శుద్ధి పాటిస్తూ కూచుంటే జనం అవతలివాడి దగ్గిరికి పోతారు" అన్నాడు. జనంలోకి పోవాలన్న ఆయన ఆరాటం నాకూ ఉంది. బుర్రకథ లాటి పాత కళారూపంలో కొత్త వస్తువు పెట్టి ప్రజానాట్యమండలి సాధించిన విజయాన్ని ఆయన ఉదాహరణగా చూపించాడు. ఆ ఉదాహరణే ఆయనకు ఎదురు తిరుగుతుంది. నాజరు బుర్రకథను అందుకున్నప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు బండిలాగా ఎక్కి కూచోలేదు. దాని కథనాన్ని, హాస్యాన్ని, రాజకీయాన్ని తన వస్తువుకు తగ్గట్టు మలిచాడు. పైగా అది జనం చేతుల్లో పెరిగిన రూపం. సరుకు అమ్మటానికి పుట్టిన రూపానికీ దానికీ పోలిక కుదరదు. కళ్ళనీళ్ళ పోస్టరు మన బండి కాదు. దాని పగ్గాలు మన చేతుల్లో లేవు. అది తనకు అలవాటైన ఊరికే పోతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, అసలు ప్రచారమే అక్కర్లేదనే మిత్రులూ ఉన్నారు. మంచి రచన తనంతట తానే బతుకుతుందట. ఇది తీరిక గలవాళ్ళ వాదన. పొద్దున ఆరింటికి పనికిపోయి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషికి, ఫలానాచోట ఫలానా వేళకు నీ గురించి ఒక నాటకం వినిపిస్తున్నారని ఎవరో ఒకరు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? దండోరా వెయ్యటం తప్పు కాదు. ఏం చెప్పి దండోరా వేస్తున్నామన్నదే ప్రశ్న.

ఇంకొక సంగతి. రేడియో నాటకంలో మనిషి కనిపించడు. ఈ లోటే దాని బలం. రిచర్డ్ హ్యూస్ రాసిన "డేంజర్" నాటకాన్ని బి.బి.సి. 1924 జనవరి 15న ప్రసారం చేసింది. రేడియో కోసమే ప్రత్యేకంగా రాసిన నాటకాల్లో అది మొట్టమొదటిదిగా పేరు పొందింది. కథ వేల్సు బొగ్గుగనిలో, దీపాలారిపోయిన చీకట్లో జరుగుతుంది. వినేవాడికీ పాత్రలకూ ఒకటే చీకటి. ఉపాయం గొప్పదే. కాని ఆ చీకట్లో చిక్కుకున్న ముగ్గురూ గని చూడవచ్చిన సందర్శకులు. రోజూ ఆ చీకట్లోనే బతికే గని కార్మికులు కథకు కేంద్రం కాలేదు. నూరేళ్ళ తరవాత మేము, చూపు అవసరం లేని ఈ రూపంలో, కూలి మనిషి గొంతును కేంద్రానికి తెచ్చామని గర్వపడ్డాం. అందం, ఛాయ, వయసు లెక్కకు రాని ఒకే ఒక్క రంగస్థలం మాకు దొరికింది. మళ్ళీ మేమే దాని గుమ్మానికి ఒక అందమైన ముఖాన్ని వేలాడదీశాం.

బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1932లోనే రేడియోను గురించి ఒక ముఖ్యమైన విమర్శ చేశాడు. రేడియో ఒకవైపు నించే పంచిపెడుతుందనీ, శ్రోతను వినేవాడుగానే గాక మాట్లాడేవాడుగా కూడా చేస్తేనే అది నిజమైన సంబంధ సాధనం అవుతుందనీ దాని సారాంశం. మన దేశంలో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2008లో జహీరాబాదు దగ్గిర మాచ్‌నూరులో దళిత స్త్రీలు సంఘం రేడియో నడపటం మొదలుపెట్టి, బ్రెహ్ట్ కోరినది పల్లెటూళ్ళో సాధ్యమేనని చూపించారు. వ్యవసాయం చేసుకునే స్త్రీలు తమ పంటల్ని గురించి, పాటల్ని గురించి తమ భాషలో తామే మాట్లాడారు. ఈ వెలుగులో మా పోస్టరును చూస్తే దాని అసలు దోషం తెలుస్తుంది. అది ఎవరినీ మాట్లాడమనలేదు. కన్ను చెమర్చుకుని వెళ్ళిపొమ్మంది.

మేము చర్చించి మొదటి పోస్టరును ఉపసంహరించుకున్నాం. అప్పటికే అది ఫోనుల్లో తిరుగుతున్నది కనక ఉపసంహరణ నామమాత్రమే. రెండో పోస్టరు మళ్ళీ అదే విద్యార్థి వేశాడు. ఈసారి యంత్రాన్ని అడగలేదు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో ఒక కాటా గీశాడు. ముల్లు చూసేవాడి వైపు కాకుండా అవతలి వైపు తిరిగి ఉంటుంది. దాని కింద పెద్ద అక్షరాలతో "కాటా", దాని కింద "పప్పు తూకం ఎవరు చూస్తారు?" అనే ప్రశ్న, తరవాత వేళ, స్థలం, రాసిన అమ్మాయి పేరు. ఆ అమ్మాయి తన పేరు ఉండాలా వద్దా అని తల్లిని అడిగి వచ్చింది. తల్లి ఉండమన్నది. తన పేరు మాత్రం వద్దన్నది. పిక్కల చప్పుడు నేర్పినవారికి కృతజ్ఞత అని పేరు లేకుండా వేశాం. శబ్ద ప్రకటనలో కోసేసిన రెండో వాక్యాన్ని మళ్ళీ చేర్చి, వయొలిన్ తీసేసి, పిక్కల చప్పుడు పెట్టాం. పరిచయ పత్రంలోకి "కూలి", "కోత", "తూకం" వచ్చాయి.

దీన్ని ఎవరూ అద్భుతంగా ఉందనలేదు. మొదటి పోస్టరుకు వచ్చిన మెప్పులో పదోవంతు కూడా దీనికి రాలేదు. ఈ నిజాన్ని దాచి, మంచి పోస్టరే గెలిచిందని రాస్తే అది మరొక కన్నీటిబొట్టు పోస్టరవుతుంది.

కాని ఒక ఆదివారం సాయంత్రం, ఆ కార్మికులు ఉండే వీధిలో లౌడ్‌స్పీకరు పెట్టి నాటకం వినిపించినప్పుడు నలభైమంది దాకా వచ్చారు. గోడ మీది కాటా బొమ్మ చూసి వచ్చామని కొందరు చెప్పారు. నాటకం అయిపోయాక చప్పట్లు లేవు. కాసేపటికి ఒక ముసలామె, "కాటా సరే, గోనె బరువు తీసేది సెప్పనేదేటి?" అని అడిగింది. సంచి బరువు కింద కొట్టేసే లెక్క మా నాటకంలో లేదు. మాకు తెలియదు. దాని మీద వాళ్ళలో వాళ్ళకు వాదన లేచింది. ఒకామె అంత తీస్తారంటే ఇంకొకామె కాదు ఇంత తీస్తారంది. ఎవరి ఫ్యాక్టరీ లెక్క వాళ్ళు చెప్పుకున్నారు. వేరు వేరు చోట్ల వేరు వేరుగా తీస్తున్నారని ఆ వాదనలోనే బయటపడింది. నాటకం రాసిన అమ్మాయి నోటుబుక్కు తీసి రాసుకోవటం మొదలుపెట్టింది. ఆమె తల్లి కొంచెం ఎడంగా కూచుని ఉంది. ఆమె ఏమీ మాట్లాడలేదు. కాని లేచి వెళ్ళిపోలేదు.

ఆ సాయంత్రం వల్ల కూలి పెరగలేదు. ఇప్పటికీ ఆ వీధిలో కోతలు కోతలుగానే ఉన్నాయి. మేము చేసింది ఒక నాటకం మాత్రమే. అయినా మొదటి పోస్టరు చూసి మెచ్చుకున్న వందలమందిలో ఒక్కరు కూడా గోనె బరువు సంగతి అడగలేదన్న విషయం మనం మరిచిపోకూడదు.

సాహిత్యం చదువుకుంటున్న విద్యార్థులకూ, చదువు చెప్పే నాతోటి ఉపాధ్యాయులకూ నా విన్నపం ఇది. మనం పద్యాన్ని విడదీసి చూపిస్తాం. కథలో దృక్పథాన్ని ఎత్తిచూపిస్తాం. మన నాటక పోటీల పోస్టర్లను, సభల కరపత్రాలను, పుస్తకాల అట్టల్ని మాత్రం బొమ్మలొచ్చిన కుర్రాడికి అప్పగించి చేతులు దులుపుకుంటాం. వాటిని కూడా క్లాసులోకి తీసుకురండి. బొమ్మలో ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరి పేరు ముందు పడింది, ఏ వాక్యాన్ని ఎక్కడ కోశారు, ఏ మాట రాయటానికి మనకు భయం వేసింది అని అడగండి. నాటకానికి మూడు వారాలు పడితే పోస్టరుకు మూడు రోజులన్నా పెట్టండి. అచ్చుకు ఇచ్చేముందు, ఆ నాటకం ఎవరి గురించో వాళ్ళకు ఒకసారి చూపించండి. నేను చూపించి ఉంటే, ఆ తల్లి అడిగిన ప్రశ్న బొమ్మ ఫోనుల్లోకి పోకముందే నాకు వినపడేది.

రెండో ప్రతి ఇప్పుడు తయారవుతున్నది. అందులో గోనె బరువు కూడా ఉంది.